కొరియాకు తొలి ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల యాత్రా సందేహాల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దక్షిణ కొరియా గురించినవే. అవన్నీ చెన్నై పాఠకులు రాసినవే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1998లో హ్యుందాయ్ కార్ల తయారీ మొదలైన నాటి నుంచి ఈ నగరంలో కొరియన్ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వారి వెంట వారి భోజనశాలలూ, సరుకుల దుకాణాలూ వచ్చాయి. ఆ దేశపు సీరియళ్ళూ పాటలూ మన ఇళ్ళలో పిల్లలకు కంఠతా వచ్చు. అయినా టికెట్లు కొనే దగ్గరికి వచ్చేసరికి పెద్దవారికి అనేక సందేహాలు కలుగుతున్నాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను, మావారు, మా అత్తగారు, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి ఎనిమిది రోజులకు కొరియా వెళ్ళాలనుకుంటున్నాము. ట్రావెల్స్ వారు ఇచ్చిన పట్టికలో సియోల్, నామీ ద్వీపం, సోక్‌చో, గ్యోంగ్‌జు, బుసాన్, జెజు దీవి అన్నీ ఉన్నాయి. ఇన్ని చూడగలమా? ఏ నెలలో వెళ్ళడం మంచిది?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: చూడగలరమ్మా, కాని బస్సు కిటికీలోంచే ఎక్కువ చూస్తారు. చెన్నై నుంచి సింగపూరు, కౌలాలంపూరు, బ్యాంకాక్, హాంకాంగ్ వంటి ఊళ్ళలో విమానం మారి సియోల్ చేరేవారే ఎక్కువ. ఆ విధంగా రానూపోనూ దాదాపు రెండు రోజులు గడిచిపోతాయి. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కనుక మొదటి రోజు ఉదయం మీ అత్తగారికి నిద్ర తీరదు. మిగిలిన ఆరు రోజులలో ఆరు చోట్లు అంటే రోజూ పెట్టెలు సర్దుకోవడమే పని అవుతుంది. మొదటిసారి వెళ్ళేవారికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటే. ఊళ్ళు తగ్గించుకోండి, ఒక్కొక్క ఊళ్ళో చేతులారా చేసే పని ఒకటి పెట్టుకోండి. సియోల్‌లో నాలుగు రాత్రులు, గ్యోంగ్‌జులో రెండు రాత్రులు మీ కుటుంబానికి చక్కగా సరిపోతాయి.

గ్యోంగ్‌జును పట్టికలోంచి తీసివేయవద్దని నేను గట్టిగా కోరుతున్నాను. క్రీస్తుశకం 935 వరకు, సంప్రదాయ గణన ప్రకారం దాదాపు వెయ్యేళ్ళపాటు, సిల్లా రాజ్యానికి అదే రాజధాని. సియోల్ నుంచి కేటీఎక్స్ వేగరైలులో దాదాపు రెండు గంటల ప్రయాణం. ఊరి నడిబొడ్డునే పచ్చగడ్డి కప్పిన పెద్ద పెద్ద దిబ్బలు కనిపిస్తాయి. అవి రాజుల సమాధులు. ఛోన్మాఛోంగ్ అనే దిబ్బ లోపలికి వెళ్ళి, రాళ్ళు పేర్చి సమాధిని ఎలా కట్టారో దగ్గరనుంచి చూడవచ్చు. ఎనిమిదో శతాబ్దంలో కట్టిన బుల్‌గుక్‌సా ఆలయమూ, కొండ మీద సొక్‌గురామ్ గుహలోని గ్రానైట్ బుద్ధవిగ్రహమూ 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. అదే శతాబ్దంలో హ్యేచో అనే సిల్లా భిక్షువు మన దేశానికి వచ్చి, బౌద్ధక్షేత్రాలు దర్శించి, యాత్రావృత్తాంతం రాశాడు. 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహలో అది దొరికింది. దాదాపు పదమూడు వందల ఏళ్ళ కిందట అక్కడివారు మనల్ని చూడడానికి వచ్చారని తెలిసి ఆ ఊరి వీధుల్లో నడవడం ఒక ప్రత్యేకమైన అనుభవం.

సముద్రం చూడాలని ఉంటే గ్యోంగ్‌జు నుంచి బుసాన్‌కు రైల్లో అరగంట ప్రయాణమే కనుక పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. జెజు దీవిని మరో ప్రయాణానికి ఉంచుకోండి. సియోల్‌లో ఒక రోజును పూర్తిగా మీ అమ్మాయికి అప్పగించండి. తనకు ఇష్టమైన పాటల దుకాణాలు, సీరియళ్ళలో చూసిన వీధులు తానే వెతుక్కుని మీ అందరినీ తిప్పనివ్వండి.

కాలం విషయానికి వస్తే, మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీపూలు పూస్తాయి. అక్టోబరు చివరి నుంచి నవంబరు మొదటి వారాల వరకు ఆకులు ఎర్రబారుతాయి. అత్తగారికి ఈ రెండు కాలాలూ అనుకూలమే. జూన్ చివరి నుంచి జులై వరకు వానలు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సున్నా డిగ్రీల కిందికి దిగే చలి ఉంటాయి. మన చెన్నై దేహాలకు ఆ చలి సామాన్యమైనది కాదు. చాంద్రమానపు నూతన సంవత్సరమైన సొల్లాల్, శరత్కాలపు పంట పండుగ అయిన ఛుసోక్ రోజులలో జనమంతా సొంత ఊళ్ళకు వెళ్తారు కాబట్టి రైలు టికెట్లు దొరకవు, చిన్న భోజనశాలలు చాలావరకు మూసి ఉంటాయి. తేదీలు ఏటా మారుతాయి కనుక టికెట్లు కొనేముందు ఆ ఏటి క్యాలెండర్ చూసుకోండి.

ప్రశ్న: సియోల్‌లో రాజభవనాలకు వెళ్ళేవారు హాన్‌బొక్ అద్దెకు తీసుకుని ఫొటోలు దిగుతున్నారు. పరదేశీయులం వారి సంప్రదాయ దుస్తులు వేసుకుంటే అక్కడివారు తప్పుగా అనుకోరా? ఆ భవనాలలో ఫొటోలు కాక చూడవలసింది ఏముంది?
– ఒక పాఠకుడు, అణ్ణానగర్

జవాబు: తప్పుగా అనుకోరు, పైగా సంతోషిస్తారు. హాన్‌బొక్ ధరించి వచ్చినవారికి రాజభవనాలలో ప్రవేశ రుసుము ఉండదు. పైవస్త్రమైన జొగోరీ, స్త్రీలకు నిండు పావడా వంటి ఛిమా, పురుషులకు బాజీ అనే లాగు, ఇలా పైదీ కిందిదీ రెండూ ఉండాలి. గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం చుట్టూ అద్దె దుకాణాలు వరుసగా ఉన్నాయి. గంటల లెక్కన ఇస్తారు, తల కూడా దువ్వి అలంకరిస్తారు. జొగోరీ ముందువైపు వేలాడే పొడవాటి పట్టీని ఒంటి మడతతో ముడివేయడం చూడడానికి తేలికగా ఉంటుంది గాని చేతికి రావడానికి సమయం పడుతుంది. దుకాణంలోని ఆమెను అడిగి మీ చేత్తో ఒకసారి వేసుకుని చూడండి. చలికాలంలో లోపల వెచ్చని బట్టలు తప్పనిసరి.

మీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌ను జొసోన్ వంశపు తొలి రాజు 1395లో కట్టించాడు. 1592లో జపాన్ దండయాత్ర సమయంలో అది కాలిపోయి, దాదాపు 270 ఏళ్ళు శిథిలంగా పడి ఉండి, 1867లో తిరిగి లేచింది. ఆ తరువాత 1910 నుంచి 1945 వరకు సాగిన జపాన్ పాలనలో అందులోని కట్టడాలలో ఎక్కువ భాగాన్ని కూల్చివేసి, సింహాసన మండపానికి అడ్డుగా తమ ప్రభుత్వ భవనాన్ని నిలబెట్టారు. కొరియన్లు దానిని 1995లో కూల్చడం మొదలుపెట్టారు. పాత మండపాలను ఒక్కొక్కటిగా మళ్ళీ కట్టుకుంటున్నారు. ఈ చరిత్ర తెలిస్తే, కొత్తగా కనిపించే రంగుల దూలాల పట్ల మీకు చిన్నచూపు కలగదు.

సింహాసన మండపం గున్‌జొంగ్‌జొన్ ముందున్న ఆవరణలో నిలబడి కిందికి చూడండి. పరిచిన రాతిపలకలను నునుపుగా చెక్కలేదు, గరుకుగా వదిలేశారు. ఎండ తగిలి కళ్ళలోకి మెరవకుండా ఉండడానికని చెబుతారు. మండపానికి వెళ్ళే దారికి అటూ ఇటూ చిన్న రాతిస్తంభాలు వరుసగా ఉంటాయి. వాటి మీద అధికారుల హోదాలు చెక్కి ఉన్నాయి. పౌర అధికారులు తూర్పున, సైనికాధికారులు పడమట, ఎవరి రాయి పక్కన వారు నిలబడేవారు. నేలలో బిగించిన ఇనుప కడియాలను కూడా గమనించండి. అవి పందిళ్ళ తాళ్ళు కట్టడానికి. మండపంలో సింహాసనం వెనక సూర్యుడు, చంద్రుడు, ఐదు శిఖరాలు ఉన్న తెర కనిపిస్తుంది. మీ జేబులోని పదివేల వన్ (వన్ అక్కడి కరెన్సీ) నోటు తీసి చూస్తే, సెజోంగ్ రాజు బొమ్మ వెనక అదే చిత్రం ఉంటుంది. రాణివాసం వెనక తోటలో పూలు, పక్షులు చిత్రించిన ఇటుక స్తంభాలు ఉన్నాయి. అవి అలంకారానికి కట్టినవి కావు, పొగగొట్టాలు. గదుల నేల కింద నిప్పు వేడిని నడిపించే ఓందోల్ పద్ధతిలో ఆ పొగ అలా తోటలోకి పోయేది.

ఈ భవనానికి మంగళవారం సెలవు. మరో భవనం ఛాంగ్‌దొక్‌గుంగ్‌కు సోమవారం సెలవు. నా మనసుకు ఛాంగ్‌దొక్‌గుంగ్ ఎక్కువ దగ్గర. నేల ఎత్తుపల్లాలను సరిచేయకుండా, కొండవాలు ఎలా ఉంటే భవనాలను అలాగే మలచి కట్టారు. దాని వెనక తోటకు వేరే టికెట్టు ఉంటుంది, మార్గదర్శితో కలిసి వెళ్ళే విడతలలో చోటు ముందే అయిపోతుంది. రెండు భవనాల మధ్యనున్న బుక్‌ఛోన్ పాత ఇళ్ళ వీధులలో నేటికీ సంసారాలు ఉన్నాయి. వారి నివాస సందులలోకి యాత్రికులను ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకే అనుమతిస్తున్నారు. వేళ తప్పి వెళ్తే జరిమానా ఉంది. హాన్‌బొక్ వేసుకుని ఇంకొకరి గుమ్మం ముందు కేకలు పెట్టడం మన వీధిలో జరిగితే మనం సహించము కదా.

ప్రశ్న: మేము కోడిగుడ్డు కూడా ముట్టని శాకాహారులము. కొరియాలో మాకు తిండి దొరుకుతుందా, లేక పచ్చళ్ళు, పొడులు, కుక్కర్ మోసుకువెళ్ళాలా?
– ఒక దంపతులు, టి.నగర్

జవాబు: దొరుకుతుంది, అయితే జాగ్రత్తగా అడిగి తినాలి. వడ్డించిన పళ్ళెంలో కూరగాయలు మాత్రమే కనిపించినంత మాత్రాన అది శాకాహారమని అనుకోవద్దు. క్యాబేజీ వంటివాటితో పెట్టే కిమ్చీ పచ్చడిని ఊరవేసేటప్పుడు ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలనో, నెత్తళ్ళ రసాన్నో కలుపుతారు. పులుసులన్నిటికీ మూలం చాలాచోట్ల ఎండు నెత్తళ్ళు మరిగించిన నీళ్ళే. సోయా ముద్దతో చేసే దోయెన్‌జాంగ్ పులుసూ, సోయాపాలతో చేసే మెత్తని టోఫూ పులుసూ ఇందుకు మినహాయింపు కావు. సముద్రపు నాచు రేకులో అన్నం చుట్టే గింబాప్‌లో గుడ్డు, హ్యామ్, చేపముద్ద ఉంటాయి. అన్నం, రకరకాల కూరలు కలిపి తినే బిబింబాప్ మీకు అనువైనది, కాని పైన గుడ్డు వేయవద్దనీ, మాంసం తీసేయమనీ చెప్పాలి. దానితో ఇచ్చే ఎర్ర కారపు ముద్దలో మాంసం వేయించి కలిపారేమో కూడా అడగాలి.

ఈ రెండు వాక్యాలు తెలుగు అక్షరాలలో రాసుకుని వెంట ఉంచుకోండి. "ఛేసిక్‌జుయిజాయెయో" అంటే నేను శాకాహారిని. "గోగి, సెంగ్సోన్, గ్యెరాన్ ప్పే జుసెయో" అంటే మాంసం, చేప, గుడ్డు తీసేసి ఇవ్వండి. ఇవే వాక్యాలను కొరియన్ లిపిలో ఫోనులో దాచుకుని చూపిస్తే ఇంకా మేలు. శాకాహారం అని చెప్పగానే ఎదుటివారు మాంసం ముక్కలు మాత్రమే ఏరివేసే సందర్భాలుంటాయి కనుక, నెత్తళ్ళ నీళ్ళను కూడా పేరు పెట్టి అడగండి. దానిని "మ్యోల్చి యుక్సు" అంటారు.

ఇప్పుడు సంతోషపెట్టే విషయం. కొరియన్ బౌద్ధాలయాల వంటలో మాంసం, చేప ఉండవు, అంతేకాక ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల వంటివి కూడా నిషిద్ధం. మన ఇళ్ళలో వ్రతాల రోజున వంట చేసినట్టే ఉంటుందని అనుకోవచ్చు. సియోల్‌లో జోగ్యేసా ఆలయం, దానికి దగ్గరలోని ఇన్సాదోంగ్ వీధి పరిసరాలలో ఆలయ భోజనం పెట్టే హోటళ్ళు ఉన్నాయి. నువ్వులనూనెలో కలిపిన ఆకుకూరలు, తామరదుంప, పుట్టగొడుగులు, అడవిలో ఏరిన ఆకులు, టోఫూ చిన్న చిన్న గిన్నెలలో వరుసగా వస్తాయి. ధర ఎక్కువే, కాని ఆ దేశపు వంటలో ఎంత సూక్ష్మం ఉందో ఒక్క పూటలో తెలుస్తుంది. శాకాహారులు కొరియాలో నష్టపోతారనే మాటను నేను ఒప్పుకోను. మాంసం తినేవారిలో ఎక్కువమందికి ఈ భోజనం రుచి తెలియకుండానే యాత్ర ముగుస్తుంది.

బజారులో దొరికేవాటిలో కాల్చిన చిలగడదుంపలు, లోపల బెల్లంలాంటి పాకం ఉండే హొత్తోక్ అట్టు, గుమ్మడికాయ జావ, ఎర్ర చిక్కుడు జావ, బియ్యప్పిండితో చేసే త్తోక్ మిఠాయిలు, దాల్చినచెక్క, అల్లం వేసిన సుజొంగ్‌గ్వా అనే పానీయం మీకు పనికివస్తాయి. సియోల్‌లో 1905లో మొదలైన గ్వాంగ్‌జాంగ్ బజారులో నానబెట్టిన పెసరపప్పును రాతి తిరగలిలో రుబ్బి, పెద్ద పెనం మీద పోస్తుంటే మీ కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. బిందేత్తోక్ అనే ఆ అట్టులో కిమ్చీ గాని పందిమాంసం గాని కలుస్తుంది కనుక చూసి ఆనందించడమే మీకు సాధ్యం.

కుక్కర్ అవసరం లేదు. ఒక పచ్చడి, ఒక కందిపొడి, అటుకులు చాలు. వీలుంటే బయలుదేరేముందు మన చెన్నైలోనే ఏదైనా కొరియన్ భోజనశాలకు వెళ్ళి, శాకాహార బిబింబాప్ అడిగి తినండి. అక్కడివారికి మన అలవాట్లు తెలుసు. ఏ గిన్నెలో ఏముందో తీరికగా వివరంగా చెబుతారు, మీకూ అడగడం అలవాటవుతుంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని. బౌద్ధం మీద ఆసక్తి ఉంది. అక్కడి ఆలయాలలో యాత్రికులను ఒక రాత్రి ఉండనిస్తారని విన్నాను. మోకాళ్ళ నొప్పులున్న అరవై ఏళ్ళ మనిషికి అది వీలవుతుందా? అక్కడ ఏమేమి చేయిస్తారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: తప్పకుండా వెళ్ళండి. 2002లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలకు వచ్చే అతిథుల కోసం ఆలయాలు తమ వసతులను తెరిచాయి. టెంపుల్‌స్టే అనే ఆ ఏర్పాటు అప్పటి నుంచి స్థిరపడింది. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో ధ్యానం, సాష్టాంగాలు, జపమాల గుచ్చడం వంటివన్నీ వరుసగా చేయిస్తారు. రెండోది విశ్రాంతి కోసం. భోజన వేళలు, ప్రార్థన వేళలు తప్ప మిగిలిన సమయం మీదే. మీరు రెండోదాన్ని ఎంచుకోండి. నమోదు చేసుకునేటప్పుడే మోకాళ్ళ సంగతి, నేల మీద పడుకోలేకపోతే ఆ సంగతి స్పష్టంగా రాయండి. పడకలు సాధారణంగా నేల మీద పరిచిన పరుపులే, కింద ఓందోల్ వేడి ఉంటుంది. సియోల్‌లోనే గంగ్నమ్ ప్రాంతంలోని బోంగున్‌సా, బుఖాన్ కొండ పాదంలో ఆలయ భోజనానికి పేరుపొందిన జింగ్వాన్‌సా ఉన్నాయి. గ్యోంగ్‌జు దగ్గరి గోల్‌గుల్‌సాలో యుద్ధకళను నేర్పుతారు కనుక అది మీకు తగదు.

వెళ్ళగానే వదులుగా ఉండే లాగు, చేతుల్లేని కోటు ఇస్తారు. ఆలయ ద్వారం దగ్గర నలుగురు దిక్పాలకులు పెద్ద పెద్ద కళ్ళతో నిలబడి ఉంటారు. వారి మూలాలు మన దేశంలోనివే. ప్రధాన మండపంలోకి మధ్య ద్వారం గుండా వెళ్ళకూడదు, అది పెద్ద భిక్షువుల కోసం. పక్క ద్వారం దగ్గర చెప్పులు విప్పి, బయటివైపు తిప్పి పెట్టి లోపలికి వెళ్ళాలి. రాత్రి తొమ్మిదికల్లా దీపాలు ఆర్పి, తెల్లవారుజామున నాలుగు ప్రాంతాల లేపుతారు. మొదట మొక్‌తాక్ అనే కొయ్య వాయిద్యపు చప్పుడు, తర్వాత గంట. 108 సాష్టాంగాలు చేసేచోట ఒక్కొక్క నమస్కారానికి ఒక్కొక్క పూస దారంలో గుచ్చుతారు. మీరు కూర్చునే చేతులు జోడించవచ్చు, ఎవరూ ఒత్తిడి చేయరు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది బరుగోంగ్యాంగ్ అనే మౌన భోజనం. ఇప్పుడు చాలా ఆలయాలలో మామూలు వరుస భోజనమే పెడుతున్నారు కనుక ఇది ఏ ఆలయంలో ఉందో ముందే చూసుకోవాలి. ఒకదానిలో ఒకటి ఇమిడే నాలుగు గిన్నెలను చప్పుడు కాకుండా విడదీసి ముందు పరుచుకుంటారు. అన్నం, పులుసు, కూరలు, నీళ్ళు వేటికవి. తినగలిగినంతే వడ్డించుకోవాలి. చివరికి ఒక ముల్లంగి ముక్కనో, కిమ్చీ ముక్కనో మిగుల్చుకుని, దానితో వేడినీళ్ళలో గిన్నెలను తుడిచి, ఆ ముక్క తిని, ఆ నీళ్ళు తాగేస్తారు. ఒక్క మెతుకూ పారవేయరు. మర్నాడు ఉదయం భిక్షువుతో తేనీరు తాగే సమయంలో మీరు తప్పక మాట్లాడండి. నాగార్జునాచార్యుడు తూర్పు ఆసియా బౌద్ధులకు పూజ్యుడు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల నేల నుంచి వచ్చానని చెబితే సంభాషణ దానంతట అదే సాగుతుంది.

ఆలయంలో ఉండడం కుదరకపోయినా సియోల్ యోంగ్సాన్‌లోని జాతీయ మ్యూజియానికి వెళ్ళండి. శాశ్వత ప్రదర్శనకు రుసుము లేదు. అక్కడ 2021లో ఏర్పాటు చేసిన ఒక చీకటి గదిలో రెండే రెండు విగ్రహాలు ఉన్నాయి. ఆరో శతాబ్దం చివరిదొకటి, ఏడో శతాబ్దం మొదటిదొకటి, రెండూ బంగారు పూత పూసిన కంచు బోధిసత్త్వులు. కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీద వేసుకుని, కుడిచేతి వేళ్ళ కొసలు చెంపకు ఆనీ ఆననట్టుగా పెట్టి ఆలోచనలో కూర్చున్నారు. చుట్టూ తిరిగి వెనకనుంచి కూడా చూడవచ్చు. పక్కనుంచి చూసినప్పుడు పెదవి చివర చిరునవ్వు కాస్త మారినట్టుంటుంది. అక్కడ కనీసం అరగంట నిలబడండి.

ప్రశ్న: మేము నలుగురు కాలేజీ స్నేహితురాళ్ళము. జిమ్‌జిల్‌బాంగ్ స్నానశాలకు వెళ్ళాలని ఉంది, కాని బిడియంగా ఉంది. ఇంకా ఏ మర్యాదలు పాటించాలి?
– ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: జిమ్‌జిల్‌బాంగ్‌లో రెండు భాగాలుంటాయి. వేడినీటి తొట్ల భాగం స్త్రీలకు, పురుషులకు పూర్తిగా వేరు. అందులో బట్టలు లేకుండానే దిగాలి, ఈత దుస్తులు కూడా ఒప్పుకోరు. తొట్టిలో దిగేముందు ఒళ్ళు రుద్దుకుని కడుక్కోవడం తప్పనిసరి. రెండో భాగంలో అందరూ కలిసి ఉంటారు. అక్కడ వారు ఇచ్చిన చొక్కా, లాగు వేసుకుని వేడి మట్టి గదులలో కూర్చుంటారు, సిఖ్యే అనే తియ్యని బియ్యపు పానీయం తాగుతారు. బిడియం ఎక్కువగా ఉంటే తొట్ల భాగాన్ని వదిలి, విడిగా స్నానం చేసి రెండో భాగానికే వెళ్ళండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మర్యాదలలో చాలావరకు మన ఇంట్లో నేర్చినవే. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, పెద్దలకు రెండు చేతులతో ఇవ్వాలి, వారు తినడం మొదలుపెట్టాకే మనం తినాలి. అన్నంలో చాప్‌స్టిక్‌లను నిలువుగా గుచ్చకూడదు, అది పితృకార్యాలకు సంబంధించిన తీరు. మెట్రోలో గులాబీ రంగు సీట్లు గర్భిణులకు, పెట్టె చివర సీట్లు వృద్ధులకు. అవి ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు. బస్సులో, రైల్లో గట్టిగా మాట్లాడడం వారికి చాలా ఇబ్బంది. మనవారి గురించి అక్కడ వినబడే ఫిర్యాదు ఇదే కనుక మీ నలుగురూ దీన్ని మరీ మరీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఉత్తర, దక్షిణ కొరియాల సరిహద్దు చూడడం యాత్రికులకు సురక్షితమేనా? కొరియా యుద్ధంలో మన సైనికులు పనిచేశారని మా తాతగారు చెప్పేవారు. అక్కడ దానికి గుర్తులు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, కీల్పాక్

జవాబు: అనుమతి ఉన్న బృందాలతోనే వెళ్తారు కనుక భయం అక్కరలేదు. ఉద్రిక్తత ఉన్న రోజులలో సైన్యమే యాత్రలను ఆపివేస్తుంది. పాస్‌పోర్టు వెంట లేకపోతే అనుమతించరు. సరిహద్దు దగ్గరి ఇమ్జిన్‌గాక్ నుంచి బయలుదేరే మామూలు యాత్రలో, ఉత్తర కొరియా రహస్యంగా తవ్వగా 1978లో బయటపడిన మూడో సొరంగం, ఉత్తరం వైపు చూసే దోరా వేదిక ఉంటాయి. సోమవారం ఇవి ఉండవు. సొరంగంలోకి దిగే దారి బాగా ఏటవాలుగా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు గుండెజబ్బు ఉన్నవారు ఆలోచించుకోవాలి.

మీ తాతగారు చెప్పింది నిజం. 1950 చివరలో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ దళం లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి.రంగరాజ్ నాయకత్వంలో కొరియా చేరి, గాయపడిన సైనికులకూ పౌరులకూ వైద్యం చేసింది. 1953 జులై 27న యుద్ధవిరమణ ఒప్పందం కుదిరాక, స్వదేశానికి వెళ్ళనన్న యుద్ధఖైదీల సంగతి తేల్చే తటస్థదేశాల సంఘానికి కొడగుకు చెందిన జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించాడు. ఆ ఖైదీలను కాపాడే బాధ్యత భారత దళానిది. ఇరుపక్షాలలో ఎటువైపుకూ వెళ్ళబోమన్న 88 మందిని మన దేశమే ఓడలో తీసుకువచ్చింది, 1954 ఫిబ్రవరిలో వారు దిగింది మన మద్రాసు రేవులోనే. మన నగరంలో ఈ సంగతి తెలిసినవారు బహు తక్కువ. సియోల్‌లోని యోంగ్సాన్ యుద్ధస్మారక మ్యూజియంలో వైద్యసహాయం అందించిన దేశాల సరసన మన దేశాన్ని కూడా గుర్తించారు. అక్కడ ప్రవేశానికి రుసుము లేదు, సోమవారం సెలవు. సరిహద్దుకు వెళ్ళేముందు రోజు ఆ మ్యూజియం చూస్తే, మర్నాడు దోరా వేదిక మీద నిలబడినప్పుడు ఎదుట కనిపించే కొండలు వట్టి దృశ్యంగా తోచవు.

ప్రశ్న: వీసా, డబ్బు, ఫోను, విద్యుత్తు వంటి చిన్న విషయాలు చెప్పగలరు. వెళ్ళేలోగా భాష కాస్త నేర్చుకోవచ్చా?
– పలువురు పాఠకులు

జవాబు: భారతీయులు వీసా ముందే తీసుకోవాలి. ఆదాయపు పన్ను పత్రాలు, బ్యాంకు లావాదేవీలు, ఉద్యోగ ధ్రువపత్రం, ప్రయాణ పట్టిక సిద్ధం చేసుకోండి. వీసా రాకముందు రద్దు చేసుకునే వీలున్న హోటల్ గదులనే తీసుకోండి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపే ఆగమన పత్రం ఉంది, దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మవద్దు. దాదాపు అన్నిచోట్లా కార్డు చెల్లుతుంది గాని, పాత బజార్లకూ, టీ-మనీ రవాణా కార్డులో డబ్బు వేయడానికీ కొంత నగదు ఉంచుకోండి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. దారి చూసుకోవడానికి నేవర్ మ్యాప్ ఫోనులో పెట్టుకోండి. అక్కడి గోడ సాకెట్లకు గుండ్రని రెండు రంధ్రాలే ఉంటాయి, మన మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, ఒక అడాప్టర్ కావాలి. ఏ ఇబ్బంది వచ్చినా 1330కు ఫోను చేస్తే రాత్రీ పగలూ ఆంగ్లంలో సహాయం చేస్తారు. పోలీసులకు 112, అంబులెన్స్‌కు 119.

భాష విషయంలో మన చెన్నైవారు అదృష్టవంతులు. ఇక్కడి ఇన్‌కో సెంటర్‌లో కొరియన్ భాషా తరగతులూ, ఆ దేశపు కళా ప్రదర్శనలూ జరుగుతాయి. తరగతికి వెళ్ళే తీరిక లేకపోతే అక్షరాలైనా నేర్చుకోండి. సెజోంగ్ రాజు సామాన్యుల కోసం 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన లిపి అది. మూలాక్షరాలు ఇరవై నాలుగే. మన గుణింతాలు వచ్చినవారికి హల్లునూ అచ్చునూ ఒక గడిలో కూర్చడం కొత్త కాదు, ఒక వారం సాధన చేస్తే స్టేషను పేర్లు, హోటల్లో వంటకాల పట్టిక కూడబలుక్కుని చదవగలరు. టి.నగర్ దంపతులు నెత్తళ్ళ నీళ్ళ పేరును పట్టికలో తామే గుర్తుపట్టడానికి కూడా అది ఉపయోగపడుతుంది.